అట్ట మీద లేని పేర్లు

ఓదెల మల్లన్న ముందు పసుపు కుంకుమలతో పరిచిన పట్నం ముగ్గు దగ్గర తెల్లవార్లూ ఉరిమిన డోలూ, ఎక్కడున్నావు? కెస్లాపూర్ మర్రిచెట్ల కింద, పుష్య అమావాస్య చలిలో, గోండుల్లో మెస్రం ఇంటివాళ్ళకు వాళ్ళ తాతముత్తాతల కథ చెప్పిన కిక్రీ, నీ మూడు తీగల్లో ముందు తెగింది ఏది? బైండ్లవాని చంకలో గురగురమని ఎల్లమ్మను పిలిచిన జమిడికా, దీపావళికి ముందు కరిగిపోయే వెన్నెల రాత్రుల్లో నెమలీకల టోపీలను గూడెం నుంచి గూడేనికి నడిపించిన పెప్రే, మీలోకి ఊపిరి పోసిన పెదవులూ మిమ్మల్ని మేల్కొలిపిన వేళ్ళూ ఏ మన్నులో కలిశాయి?

మీకోసం ఏడవాలని ఉంది. కానీ మా దిక్కు ఏడుపుకు ఒక పద్ధతుంది. కరీంనగర్ పల్లెల్లో ఆడవాళ్ళు పీనుగు పక్కన కూచుని ఊరికే కన్నీళ్ళు పెట్టరు. పేరు పెట్టి ఏడుస్తారు, వరస పెట్టి ఏడుస్తారు. పోయినవాడు ఏ చెలక దున్నాడో, ఏ బావి తోడాడో, ఏ బిడ్డను ఏ ఊరికిచ్చాడో ఒక్కొక్కటే రాగం తీసి చెప్పుకుని ఏడుస్తారు. పేరు తెలియకపోతే ఆ రాగం పైకి లేవదు. మీ వెనకున్న చేతుల పేర్లు నాకు తెలియవు. నా గొంతులో దుఃఖం ఉంది, దానికి పట్టుకొమ్మ లేదు.

లండన్‌లో పోయిన ఒక పియానో వాద్యకారుని మీదైతే నాకు ఏడుపు తన్నుకొస్తుంది. అతని పేరు మైక్ టేలర్. పుట్టింది 1938లో. బతికుండగా అతని పేరు మీద వచ్చిన జాజ్ ఆల్బమ్‌లు రెండే రెండు: 1966లో ‘పెండ్యులమ్’, 1967లో ‘ట్రియో’. కొన్నవాళ్ళు కొద్దిమంది, విని ఆగినవాళ్ళు ఇంకా కొద్దిమంది. క్రీమ్ అనే రాక్ బృందం 1968లో తెచ్చిన ‘వీల్స్ ఆఫ్ ఫైర్’లో అతను బాణీ కట్టిన పాటలు మూడున్నాయి. ఆ ఆల్బమ్ లోకమంతా మోగింది. అతనేమో ఇల్లూ వాకిలీ విడిచి, రాసుకున్న స్వరాల కాగితాలు చేతులారా పోగొట్టుకుని, లండన్ వీధుల్లో దిమ్మరిలా తిరిగాడు. 1969 జనవరిలో థేమ్స్ నది సముద్రంలో కలిసేచోట అతని శరీరం దొరికింది. ముప్పై ఏళ్ళ వయసు.

‘పెండ్యులమ్’ పెట్టుకుని రాత్రిపూట వింటాను. అందులో ‘ఎ నైట్ ఇన్ ట్యునీషియా’ అనే పాత బాణీ ఉంది, జాజ్ లోకంలో అందరికీ నోటికొచ్చిన బాణీ. టేలర్ చేతిలో అది ముక్కలవుతుంది, ఒక్కో ముక్క చీకట్లోకి జారి, మనం ఇక రాదనుకున్నప్పుడు ఇంకో తొవ్వన తిరిగొస్తుంది. జాజ్ ప్రాణం అక్కడే ఉంది. బాణీ ఒక గడప మాత్రమే. గడప దాటాక ఆ పూట మనసు ఎటు లాగితే అటు నడక. ఒకడు నడుస్తుంటే మిగతావాళ్ళు వాని అడుగు విని తమ అడుగు వేస్తారు. ఆ అడుగులు వేసింది ఎవరో నాకు తెలుసు. సోప్రానో సాక్సఫోన్ డేవ్ టామ్లిన్, బేస్ టోనీ రీవ్స్, డ్రమ్స్ జాన్ హైస్‌మన్. ఎవరూ కొనని ఆల్బమ్, ఎన్నో ఏళ్ళు దొరకని ఆల్బమ్, అయినా దాని అట్ట మీద టేలర్‌తో కలిపి ఆ నలుగురి పేర్లూ ఉన్నాయి.

జో హారియట్ సంగతీ అంతే. జమైకాలోని కింగ్‌స్టన్‌లో 1928లో పుట్టి, ఆల్ఫా బాలుర పాఠశాలలో పెరిగి, 1951లో ఇంగ్లండ్ చేరిన నల్లజాతి సాక్సఫోన్ వాద్యకారుడు. 1960లో ‘ఫ్రీ ఫామ్’ రికార్డు చేసినప్పుడు ముందే అల్లుకున్న స్వరాల కంచెలన్నీ దూకేశాడు. అమెరికాలో ఆర్నెట్ కోల్‌మన్ అదే కాలంలో అదే కంచెలు దూకి చరిత్రకెక్కాడు. హారియట్ దగ్గరికి చరిత్ర రావడానికి చాలా ఆలస్యమైంది. చేతిలో పైసా లేని రోజులు, పని దొరకని చలికాలాలు, చివరికి కేన్సర్. 1973 జనవరి 2న సౌతాంప్టన్‌లో కన్నుమూశాడు. నలభై నాలుగేళ్ళు.

అతని బతుకులో మన దేశం కూడా ఉంది. కలకత్తాలో పుట్టిన జాన్ మేయర్ రాగాలతో రచన చేస్తే, హారియట్ దాన్ని తన శ్వాసతో వెలిగించాడు. అయిదుగురు జాజ్ వాద్యకారులు, అయిదుగురు హిందుస్తానీ పక్షం వాళ్ళు, ఎదురెదురుగా కూచుని 1965లో రికార్డు చేసి 1966లో విడుదల చేసిన ఆల్బమ్ ‘ఇండో-జాజ్ స్వీట్’. సితార్ దివాన్ మోతిహార్. తబలా కేశవ్ సాఠే. తంబూర చంద్రహాస్ పైంగాంకర్. మూడో పేరు చదివినప్పుడల్లా నా కన్ను అక్కడే నిలుస్తుంది. తంబూర! స్వరం మార్చదు, ముందుకు రాదు, చప్పట్లు అడగదు, పాటంతా వెనకాల నేలలా పరుచుకుని ఉంటుంది. ఆ నేల పరిచిన మనిషికి కూడా లండన్‌లో ఎవరో కాగితం మీద చోటిచ్చారు. అరవై ఏళ్ళు కావస్తోంది. ఇక్కడ, మానేరు ఒడ్డున, నేను ఆయన పేరు పలుకుతున్నాను.

ఇంకా ‘హమ్ దోనో’ ఉంది. గోవా మూలాలుండి బొంబాయిలో పుట్టిన గిటారిస్టు అమాన్సియో డిసిల్వా, హారియట్‌తో కలిసి 1969లో చేసిన ఆల్బమ్. ట్రంపెట్ ఇయాన్ కార్, మాటల్లేని గొంతు నార్మా విన్‌స్టన్, బేస్ డేవ్ గ్రీన్, డ్రమ్స్ బ్రయాన్ స్ప్రింగ్. విన్‌స్టన్ పదం లేకుండా పాడుతుంటే గిటారు ఆ గొంతు అంచు పట్టుకుని నడుస్తుంది; హారియట్ సాక్సఫోన్ వానకు ముందు గాలిలా వచ్చి ఇద్దరినీ తడిమి పోతుంది. దశాబ్దాలపాటు ఆ ఆల్బమ్ మార్కెట్లో లేదు. ఎక్కడో ఒక ప్రతి దొరికితే మోజున్నవాళ్ళు పెద్ద మొత్తాలు పోసి కొనుక్కున్నారు.

మైకేల్ గ్యారిక్ అనే మరో పియానో వాద్యకారుని ఆల్బమ్ పేరు ‘బ్లాక్ మారిగోల్డ్స్’, అంటే నల్లని బంతిపూలు. ఆ పేరు ఎక్కడిదనుకున్నారు? మన కావ్యాలు చదివినవాళ్ళకు బాగా తెలిసిన బిల్హణుడు! ఉరికంబం నీడలో నిలబడి రాజకుమారి యామినీపూర్ణతిలకను తలుచుకున్న ఆ కాశ్మీర కవి యాభై శ్లోకాలను ఇ. పోవిస్ మేథర్స్ ఇంగ్లీషులోకి తెచ్చి ఆ పేరు పెట్టాడు. ఆ పేరే జాజ్ ఆల్బమ్ నుదుట బొట్టయింది. బతుకమ్మ మీద బంతులు పేర్చే మా చేతులకు ఆ పూలు పరాయివని నేను అనుకోను. ప్రేమ, మరణం, ఆశువుగా చెప్పిన మాట, ఈ మూడింటికీ ఏ దేశానికెళ్ళినా బంధువుల ఇంటికెళ్ళినట్టే ఉంటుంది.

ఆ మరుగున పడ్డ బ్రిటిష్ ఆల్బమ్‌లు మళ్ళీ ఊపిరి పోసుకున్నాయి. బీబీసీ తన సొంత జాజ్ టేపులు ఎన్నో తుడిచేసినా, గ్రామఫోను ప్లేట్లు మిగిలాయి. 2002లో జైల్స్ పీటర్సన్ అనే డీజే వాటిలోంచి ఏరి ‘ఇంప్రెస్డ్’ అనే సంకలనం తెచ్చాడు. 2021లో డెక్కా కంపెనీ ‘జర్నీస్ ఇన్ మోడరన్ జాజ్: బ్రిటన్’ పేరుతో మరో సంకలనం తెచ్చి, దాని వెంట పాత ఆల్బమ్‌లను మళ్ళీ అచ్చొత్తింది. వెతికినవాళ్ళకు వెతకడానికి ఒక దారపు కొస దొరికింది: పేర్లు, తేదీ, స్టూడియో, ఇంజనీరు. ఆ కొస పట్టుకుని లాగితే యాభై ఏళ్ళ కిందటి ఒక మధ్యాహ్నం మొత్తం బయటికొచ్చింది.

మా దగ్గర ఆ కొస ఎక్కడ?

నా బల్ల మీద ఒక కేసెట్ ఉంది. ఎల్లమ్మ కథ, ఒగ్గు మేళం. వేములవాడ జాతరలో కొన్నది. లోపలి గోధుమరంగు రిబ్బన్ ఒకచోట మడతపడి తెల్లని గీత పడింది; ఆ గీత దగ్గరికి రాగానే ఎల్లమ్మ గొంతు నీళ్ళలో మునిగి తేలినట్టవుతుంది. రిబ్బన్ వెనక చిన్న దూదిముక్క లాంటి మెత్త ఉంటుంది కదా, రిబ్బన్‌ను టేప్‌రికార్డరు తలకు ఒత్తిపట్టేది, అది ఊడిపోతే జిగురు పెట్టి అతికించారెవరో. ఒక్కో పక్క ముప్పై నిమిషాలు. రాత్రి భోజనాలయ్యాక మొదలై తొలికోడి కూసేదాకా సాగే కథను అందులో కుదించాలి కనుక, మొదటి పక్క ఎల్లమ్మ శోకం మధ్యలో, సగం దీర్ఘంలో, కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. అట్ట మీద అమ్మవారి బొమ్మ, ఎర్రటి అక్షరాల్లో కథ పేరు, దాని కింద కథకుని పేరు, ఆ పక్కన రెండే మాటలు: ‘మరియు బృందం’.

ఆ రెండు మాటల కింద ఎంతమంది పాతిపెట్టబడ్డారో!

ఒగ్గు కథ చూసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళ కోసం ఒక్క రాత్రి చెబుతాను. కురుమ, గొల్ల ఇళ్ళలో మల్లన్న లగ్గం, బీరప్ప కథ. పట్నం వేసి, దీపం ముట్టించి, పూజారి చేతిలోని ఒగ్గు అనే చిన్న డమరుకాన్ని కదిలిస్తాడు. ప్రధాన కథకుడు కాళ్ళకు గజ్జెలతో నిలబడతాడు. ఆయన మాట ఎత్తుకుంటే, పక్కవాడు దాన్ని అందుకుని ‘అవునా’ అంటూ కొసరు వేస్తాడు. వెనక తాళాలు. ఆ వెనక డోళ్ళు. డోలుకు ఒక పక్క చెయ్యి, ఇంకో పక్క పుల్ల. కథకుడు జనం కళ్ళలోకి చూస్తాడు. పిల్లలు నిద్రకు తూలుతుంటే కథలోకి పులిని తెస్తాడు. ఆ ఇంట్లో ఈ మధ్యే చావు జరిగిందని తెలిస్తే, అక్కడ ఒక పాత్రను ఇంకో గడియ ఏడిపిస్తాడు. ఆ ఊరి పటేలు పేరు, ఆ ఊరి చెరువు పేరు, ఆ ఏటి కరువు, అన్నీ పురాణంలోకి నడిచి వస్తాయి. ఇవేవీ ముందు అనుకున్నవి కావు. కథకుడు ఎటు తిరుగుతాడో డోలుకు చెప్పడు, డోలు అడగదు. ఆయన భుజం చూసి, ఆయన శ్వాస తెగిన తీరు విని, డోలు ముందే ఆ మలుపు దగ్గర నిలబడి ఉంటుంది. ఒక్కో రాత్రి డోలే ముందు తిరుగుతుంది; కథకుడు మాట ఆపి, నవ్వి, దాని వెంట పోతాడు. జో హారియట్ లండన్ స్టూడియోలో ఏ స్వేచ్ఛ కోసం ప్రాణం పెట్టాడో, ఆ స్వేచ్ఛ కొత్తపల్లి, గంగాధర, చొప్పదండి వాకిళ్ళలో కోళ్ళగంపల పక్కన, గడ్డివాముల నీడన, తరతరాలుగా జరిగింది.

ఆ కేసెట్‌లో డోలు విన్నప్పుడల్లా నా ఒళ్ళు జలదరిస్తుంది. ఎల్లమ్మ పుట్ట నుంచి లేచే ఘట్టంలో కథకుని గొంతు ఆగుతుంది. నాలుగు దెబ్బల పాటు నిశ్శబ్దం. అయిదో దెబ్బ రావలసినచోట రాదు. రాకపోవడమే అక్కడ సంగీతం. ఆ తర్వాత చెయ్యి పక్క నుంచి ఒక్క మెత్తని గుమకం, మన్ను పగిలి చీలినట్టు. ఎవరా చేతులు?

ఒక పెద్దమనిషి చెప్పాడు. కరీంనగర్ పక్క పల్లెలో, చప్టా మీద కూచుని బీడీ కాల్చుకుంటూ, నా ఫోన్‌లో ఆ కేసెట్ వినిపిస్తే తల పక్కకు వంచి చాలాసేపు విన్నాడు. వేళ్ళు మోకాలి మీద వాటంతట అవే ఆడుతున్నాయి.

“ఇది నేను గొట్టిందే బిడ్డా,” అన్నాడు.

“మరి అట్ట మీద నీ పేరు లేదేంది తాత?”

“డోలుకు పేరెందుకు బిడ్డా? సప్పుడుంటె సాలదా?” అని, కాసేపాగి, “మా నాయిన పేరు రాస్తె బాగుండు. నేర్పింది ఆయినే,” అన్నాడు.

ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. అది నాకు మరింత నొప్పి. తన పేరు లేకపోవడం ఆయనకు లోటనిపించలేదు. తండ్రి పేరు దగ్గర మాత్రం గొంతు కొంచెం తడబడింది. ఆయన పేరు నేనిక్కడ రాయను, ఆయన అడగలేదు కాబట్టి. నా నోటుపుస్తకంలో ఉంది, తండ్రి పేరుతో సహా.

పేరు దక్కినవాళ్ళు కూడా మాకు లేకపోలేదు. వేములవాడ దగ్గరి హన్మాజీపేటలో మిద్దె రాములు పుట్టాడు. 2010లో ఆయన పోయేనాటికి ఒగ్గు కథ అంటే ఆయన పేరే ముందు వినబడేది. అదే హన్మాజీపేటలో 1931లో సి. నారాయణరెడ్డి పుట్టాడు. ఒక్క ఊరి నీళ్ళు, రెండు గొంతులు. ఒకాయన గజల్ రాశాడు, సినిమా పాట రాశాడు, జ్ఞానపీఠం అందుకున్నాడు. ఆయన రాసిన ప్రతి అక్షరం ఏదో ఒక గ్రంథాలయంలో పదిలంగా ఉంది. రెండో ఆయన నిలువెత్తు రాత్రులు గాల్లో కట్టాడు. వాటిలో నిలిచినవి ఎన్ని? మిద్దె రాములు వెనక తెల్లవార్లూ నిలబడి మోగించినవాళ్ళ పేర్లు చెప్పండంటే ఎంతమంది చెప్పగలం?

శాస్త్రీయ సంగీతానికి మాత్రం తలుపులు ఎప్పుడూ బార్లా తెరిచే ఉన్నాయి. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మాండలిన్ పట్టుకుని వెళ్తే, బ్రిటిష్ జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ తన ‘రిమెంబర్ శక్తి’ బృందంలో పక్కన కూచోబెట్టుకున్నాడు. నాకది గర్వం. కానీ ఆ తలుపు దగ్గరికి జమిడిక ఎన్నడూ చేరలేదు, కిక్రీ చేరలేదు.

కిక్రీ! నీ దగ్గరికి రావాలంటే గోదావరి దాటాలి. టేకు ఆకుల చప్పుడు, ఇప్పపూల వాసన, కడెం వాగు మెలికలు, ఉట్నూరు ఎత్తులు. తోలు బిగించిన చెక్క డొల్ల, మూడు తీగలు, ఒక కమాను. తోటీలు, పర్ధానులు నిన్ను భుజాన వేసుకుని గోండు ఇళ్ళకు వస్తారు. గోత్రాల పుట్టుక, దేవుళ్ళ ప్రయాణాలు, వీరుల చావులు, అన్నీ నీ మీదే. కమాను తీగ మీద ఆనించి మెల్లగా లాగితే ముందు వినబడేది స్వరం కాదు, ఒక రాపిడి. ఎండిన ఆకు మీద పాము పాకిన సడి. ఆ సడిలోంచి స్వరం మెల్లగా తలెత్తుతుంది. పాడేవాడు ఒక పాదం పాడి ఆగితే నువ్వు ఆ పాదాన్నే తిప్పి, కొంచెం వంచి, కొంచెం విరిచి చెబుతావు. ఒక్కసారి చెప్పినట్టు ఇంకోసారి చెప్పవు. ఇళ్ళకు వచ్చినప్పుడు తోటీ ఆడవాళ్ళు పచ్చబొట్లు పొడిచేవాళ్ళు. చర్మం మీద పొడిచిన బొట్టు మనిషితోనే మట్టయింది, గాలి మీద పొడిచిన బొట్టు మనిషికంటే ముందే చెరిగింది.

గోండులు చెప్పుకునే పురాణాల్లో ఒకటుంది. కచార్‌గఢ్ గుహలో దేవతలు బందీలై ఉంటారు, ద్వారానికి పెద్ద బండ అడ్డం. గోండుల ఆదిగురువు పహండి కుపార్ లింగో పనుపున సంగీతకారుడు హీరాసుక తన వాద్యం మీటుతాడు. ఆ నాదానికి లోపలివాళ్ళలో బలం పుట్టి బండను తోసేస్తారు. దేవతలు బయటపడతారు. బండ దొర్లి హీరాసుక మీద పడుతుంది. దేవతలకు పూజలున్నాయి, జాతరలున్నాయి. మొదటి వాద్యకారుడు బండ కింద. ఈ కథ విన్న రోజు నుంచి నాకు కిక్రీ ప్రతి తీగలోనూ ఆ బండ బరువు వినబడుతుంది.

ఆదిలాబాద్ అడవికి కూడా లండన్ వచ్చింది. 1940లో జోడేఘాట్‌లో గోండు వీరుడు కుమ్రం భీం నెత్తురు చిందాక, గోండుల బాధ ఏమిటో తెలుసుకోమని నిజాం సర్కారు పంపితే క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త వచ్చాడు. పుట్టింది వియన్నాలో, తర్వాత పాఠాలు చెప్పింది లండన్ విశ్వవిద్యాలయంలో. మార్లవాయిలో గుడిసె వేసుకుని, భార్య బెట్టీతో కలిసి ఉండి, పర్ధానుల నోట కథలు విన్నాడు. 1948లో ఆదిలాబాద్ రాజ్‌గోండుల పురాణాల మీద, కర్మకాండల మీద పుస్తకం వేశాడు. బెట్టీ 1987లో కన్నుమూస్తే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన తీసిన ఛాయాచిత్రాలూ ఫిల్మ్ చుట్టలూ లండన్‌లో, ఆయన పనిచేసిన విద్యాలయంలో చల్లని గదుల్లో పదిలంగా ఉన్నాయి. ఆయన శిష్యుడు మైకేల్ యార్క్ 1982లో బీబీసీ కోసం రాజ్‌గోండుల మీద ఒక చిత్రం తీశాడు. వాళ్ళకు నా దండం. కానీ పుస్తకంలో కథ ఇముడుతుంది, కిక్రీ కంఠం ఇమడదు. పురాణం ఏం జరిగిందో చెబుతుంది. ఏ చోట పాటగాడు గొంతు దించాడో, ఏ చోట తీగ ఏడ్చిందో చెప్పదు.

మనవాళ్ళూ అంతే చేశారని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు, అయినా చెప్పాలి. బిరుదురాజు రామరాజు జానపద గేయాల మీద పరిశోధన చేసి తొవ్వ తీశాడు. ఆయన వెనక ఎందరో పల్లె పల్లె తిరిగి పాటలు సేకరించారు. వాళ్ళ చెమట లేకపోతే మాటలు కూడా మిగిలేవి కావు. కానీ సేకరణ అంటే మాటల సేకరణే అయింది. పాట కింద ఏ ఊరి పాటో ఉంటుంది, ఎంతసేపు పాడారో ఉండదు, ఏ వాద్యం మీద పాడారో ఉంటే ఉంటుంది, వాయించింది ఎవరో దాదాపు ఉండదు. అక్షరానికి మనం ఎప్పుడూ పీట వేశాం. నార్నూర్ మండలం గుంజాలలో గోండి రాతప్రతులు బయటపడితే లోకం సంబరపడింది. 2018లో ఆ లిపికి యూనికోడ్‌లో స్థానం వచ్చింది. ఆ రోజు నేనూ సంతోషపడ్డాను. లిపికి దొరికిన ఆ నీడ నాదానికెప్పుడు?

1980లలో ఆదిలాబాద్‌కు ఆకాశవాణి కేంద్రం వచ్చినప్పుడు గోండి మాట, గోండి పాట గాలిలోకి లేచాయి. అడవిలో రేడియో చెవికి ఆనించుకుని తమ భాష విన్న ముసలివాళ్ళ ముఖాలు ఊహించుకుంటే కళ్ళు చెమ్మగిల్లుతాయి. అలా లేచిన ధ్వనులు అలల్లా పోయాయి. అల ఒడ్డున నిలవాలంటే ఎవరో ఒకరు దాని రూపం పట్టుకోవాలి.

మార్లవాయి కనకరాజు సంగతి చూడండి. గోండుల గుస్సాడీ నాట్యానికి ఆయన జీవితం ఇచ్చాడు. నెమలీకల టోపీ, ఒంటి మీద బూడిద, భుజాన తోలు, చేతిలో కర్ర, ఢిల్లీ గణతంత్ర వేడుకల దాకా ఆ అడుగును తీసుకెళ్ళాడు. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో, సరిగ్గా దీపావళి ముందటి దండారీ పండుగ కాలంలో, వెళ్ళిపోయాడు. పత్రికలన్నీ రాశాయి, రాయాలి కూడా. కానీ అడుగు ఒంటరిగా పడదు. కాలికొమ్ము ఊదినవాడు, పెప్రె ఊదినవాడు, గుమేల మోగించినవాడు, వాళ్ళ ఊపిరి మీదే ఆ నెమలీకలు ఊగాయి. వాళ్ళు ఏ గూడెంవాళ్ళు? పెప్రె ఎవరి దగ్గర నేర్చారు? బుగ్గలు పూరించి ఊపిరి తెగకుండా అంతసేపు ఊదడం ఏ ముసలాయన వేలు పట్టుకుని నేర్పాడు? ఆ ముసలాయన కొడుకు ఇప్పుడు పెప్రె ఊదుతున్నాడా, హైదరాబాద్‌లో సెక్యూరిటీ గార్డు డ్రస్సులో నిలబడుతున్నాడా?

నాకు తెలుసు, కొందరంటారు: ఇవి దేవుని ముందు మోగే వాద్యాలు, వాటికి పేరు వేయడం మన పద్ధతి కాదు, సముదాయం పాడింది, సముదాయం వింది. ఈ మాటలో గౌరవం ఉంది. కానీ ఈ మాట చెప్పేవాళ్ళ పేర్లు పుస్తకాల అట్టల మీద ఉంటాయి. కేసెట్ కంపెనీ పేరు అట్ట మీద ఉంటుంది. జాతర కమిటీ వాళ్ళ పేర్లు ఫ్లెక్సీ మీద ఫోటోలతో సహా ఉంటాయి. పేరు లేకుండా ఉండే భాగ్యం ఒక్క డోలుకే, ఒక్క కిక్రీకే ఎందుకు దక్కింది? మైక్ టేలర్‌ను ఆదరించని లండన్ కూడా అతని వెనక డ్రమ్స్ వాయించిన కుర్రాని పేరు రాసుకుంది. ఆ రాత వల్లే ముప్పై ఏళ్ళ తర్వాతా నలభై ఏళ్ళ తర్వాతా ఎవరో అతన్ని వెతుక్కుంటూ రాగలిగారు. బండ తొలగింది.

మావాళ్ళ మీద బండ ఇంకా ఉంది. అది రోజురోజుకూ బరువెక్కుతోంది. ఇళ్ళల్లో అటకల మీద కేసెట్లు బూజు పట్టి, రిబ్బన్లు ఒకదానికొకటి అతుక్కుని ఊడొస్తున్నాయి. బతుకమ్మ పాటల మీద పెళ్ళి వీడియో పాటలు ఎక్కించేశారు, ఒగ్గు కథ మీద సినిమా పాటలు ఎక్కించేశారు. పాత సామాన్లవాడు వస్తే కిలోల లెక్కన వేసేశారు. ఎవరినీ తప్పు పట్టలేను. పేరు లేని వస్తువును ఎవరు దాచుకుంటారు? ఎవరిదో తెలియని గొంతును ఎవరు కాపాడతారు?

సిరిసిల్లలో, మంథనిలో, జైనూరులో, తిర్యాణిలో అటక మీద కేసెట్ ఉన్న అమ్మలారా, అయ్యలారా! పారేసేముందు ఒక్కసారి పెట్టి వినండి. మీ తాతకో, మీ మేనమామకో వినిపించి, ఈ డోలు ఎవరిదని అడగండి. ముసలివాళ్ళు గొంతును బట్టి కాదు, దెబ్బను బట్టి గుర్తుపడతారు, నేను చూశాను. చెప్పిన పేరు ఒక కాగితం మీద రాసి ఆ అట్టలోనే పెట్టండి, ఊరు రాయండి, ఏ జాతరలో కొన్నారో రాయండి. దీపావళికి ముందు దండారీ మీ గూడేనికి వచ్చినప్పుడు గుస్సాడీతో ఫోటో దిగండి, దిగాక అక్కడే ఆగండి. పెప్రె ఊదేవాడు దమ్ము తీసుకునేదాకా ఆగి, నీళ్ళిచ్చి, అన్నా నీ పేరేందని అడగండి. తండ్రి పేరడగండి. నేర్పిన మనిషి పేరడగండి. బీరప్ప పట్నాలప్పుడు ప్రధాన కథకునికి శాలువా కప్పడం అయ్యాక వెనక్కి నడవండి, తాళం కొట్టే పిల్లవాని దాకా, వంత పలికే ముసలాయన దాకా, అందరికంటే చివర్న గోడకానుకుని డోలు దించుకుంటున్న మనిషి దాకా వెళ్ళండి. లండన్‌లో తంబూర మీటిన చంద్రహాస్ పైంగాంకర్‌కు దక్కిన చోటు ఆ మనిషికి ఎవరివ్వాలి? ఇవాళ అడగకపోతే, రేపు ఆయన కోసం ఏ పేరు పెట్టి ఏడుద్దాం?